పెరటి పేషియో: సోఫా కొనే ముందు నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూడండి

ఆరుబయట వేసిన కుర్చీ గానీ బల్ల గానీ నడిమధ్యలో పాడవడం అరుదు. కాలి అడుగున, అతుకు దగ్గర, స్క్రూ తల చుట్టూ, కుషన్ కుట్టు వెంబడి మొదలవుతుంది. పాడైన చోటల్లా వెతికితే దొరికే కారణం దాదాపు ఒక్కటే: నీళ్లు లోపలికి వెళ్లాయి, బయటికి రాలేకపోయాయి. పేషియో, అంటే ఇంటిని ఆనుకుని ఆరుబయట కూర్చోవడానికి గచ్చు వేసుకున్న చోటు, నలుగురూ మెచ్చేలా ఉండాలనుకున్నప్పుడు ముందు రంగులూ డిజైన్లూ కంటికి ఆనడం సహజమే. కానీ ఐదేళ్లయ్యాక కూడా అది అలాగే ఉండాలంటే నేల మొదలుకొని దీపం దాకా ప్రతిదాని దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: వాన వెలిశాక ఇందులో నీళ్లు ఎక్కడ ఆగుతాయి? రెండో ప్రశ్న ఎండ గురించి. ఈ రెండూ తేలాక మిగిలేది ఇష్టాయిష్టాల సంగతి, అది ఎవరిది వాళ్లదే.

నీడ గుర్తులు, తాడు కొలతలు

దుకాణానికి వెళ్లే ముందు ఒక సెలవు రోజు పెరట్లో గడపండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి నీడ అంచు ఎక్కడుందో సుద్దముక్కతోనో చిన్న గూటాలతోనో గుర్తు పెట్టండి. పేషియోలో కూర్చునేది ఎక్కువగా సాయంత్రాలే కాబట్టి నాలుగింటి గుర్తుకే నేను ఎక్కువ విలువిస్తాను. ఆ వేళకి ఎండ ఏటవాలుగా దిగుతుంది. నెత్తి మీద ఎంత మంచి కప్పు ఉన్నా దాన్ని ఆపలేదు. పక్కన చెట్టో, జాలీ గోడో, దించుకునే తెరో ఉండాలి. పెద్ద గొడుగు కొన్నాక కూడా పడమటి ఎండ మొహాన కొడుతోందంటే గొడుగుది తప్పు కాదు, అడ్డు పెట్టాల్సిన దిక్కు వేరు. ఋతువు మారితే సూర్యుడి దారి కూడా జరుగుతుంది కాబట్టి వీలైతే మరో కాలంలో ఇంకోసారి గుర్తులు చూసుకోండి.

తర్వాత సామాను కొలతలు నేల మీద వేయాలి. తాడు పరిచి, అట్టపెట్టెలు పేర్చి, వాటి మధ్య నిజంగా నడిచి చూడాలి. కాగితం మీద సరిపోయినట్టు కనిపించేది నడిచేటప్పుడు మోకాలికి తగులుతుంది. భోజనాల బల్ల దగ్గర ఒక్కో మనిషికి 24 అంగుళాల అంచు కావాలి. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి బల్ల అంచు నుంచి 3 అడుగులు, కూర్చున్నవాళ్ల వెనక నుంచి ఇంకొకరు పళ్లెం పట్టుకుని వెళ్లాలంటే 4 అడుగులు వదలాలి. ఆ లెక్కన నలుగురు కూర్చునే 4 అడుగుల గుండ్రటి బల్లకి కుర్చీలతో కలిపి 10 అడుగుల వెడల్పు పడుతుంది. ఆరుగురికి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న బల్ల వేస్తే 12 అడుగులు, 9 అడుగుల చోటు తప్పదు. బల్ల ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ కూర్చునే ఎత్తు 17 లేదా 18. ఈ రెండింటి మధ్య 10 నుంచి 12 అంగుళాల తేడా లేకపోతే తొడలు బల్లకి తగులుతాయి, లేదంటే పళ్లెం గడ్డం దగ్గరికి వస్తుంది. బల్లా కుర్చీలూ వేరువేరు చోట్ల కొనేవాళ్లు ముఖ్యంగా ఈ తేడాని టేపుతో కొలిచి చూడాలి.

సోఫా సంగతి వేరు. దాని లోతు సాధారణంగా 32 నుంచి 36 అంగుళాలుంటుంది, కూర్చునే ఎత్తు 15 నుంచి 17. మరీ కిందికి ఉన్న సోఫాలు ఫోటోలో బాగుంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మాత్రం వాటిలోంచి లేవలేరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే 17 అంగుళాలకి తగ్గనివ్వకండి, చేతులు ఆనించుకునే దిమ్మలున్న కుర్చీలు కనీసం రెండు పెట్టండి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు చాలు. నడిచే దారి ఎక్కడైనా 3 అడుగులు ఉండాలి.

ఇంకో మాట. గదిలో పెద్దగా అనిపించిన కుర్చీ ఆకాశం కింద పెట్టగానే చిన్నదైపోతుంది. అందుకే చిన్నచిన్నవి ఏడెనిమిది పేర్చడం కన్నా ఒక పెద్ద సోఫా, దానికి ఎదురుగా రెండు బరువైన కుర్చీలు వేసి మిగతాది ఖాళీగా వదిలితే పేషియోకి నిండుదనం వస్తుంది. ఆ పెద్ద సోఫా పక్క సందులోంచి గానీ పెరటి తలుపులోంచి గానీ లోపలికి పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. భాగాలుగా విడదీయగలిగేదైతే ఈ బెడద ఉండదు.

నేల: వాటం లేకపోతే మిగతావన్నీ దండగ

పేషియో నేల ఇంటి గోడ నుంచి బయటికి వాలి ఉండాలి. అడుగుకి పావు అంగుళం చొప్పున దించితే 12 అడుగులకి 3 అంగుళాల వాటం వస్తుంది. నున్నటి కాంక్రీటుకి ఇందులో సగం కూడా పనిచేస్తుంది గానీ ఎగుడుదిగుడు రాయికి పావు అంగుళం ఉండాల్సిందే. ఈ మాత్రం వాలు కంటికి తెలియదు. బల్ల మీద గ్లాసులో నీళ్లు చూస్తే తెలుస్తుంది, దానికి కాళ్ల ఎత్తు మరతో సర్దుకునే బల్ల కొంటే సరిపోతుంది. పేషియో పైమట్టం ఇంటి గోడలో చెమ్మ ఎక్కకుండా వేసిన పొర కన్నా 6 అంగుళాలు కిందికి ఉండాలి. ఆ పొరని మించి నేల లేపితే లోపలి గోడకి నెమ్ము పడుతుంది, ఆ తర్వాత ఎన్ని రంగులు వేసినా పెచ్చులు ఊడుతూనే ఉంటాయి.

నేల మీద పరిచే సిమెంటు పేవర్ బ్లాకులు వేస్తుంటే పైన కనబడే బ్లాకు కన్నా కింద కనబడని పొరలకే డబ్బు పెట్టండి. మనుషులు నడిచే చోటికి 60 మిల్లీమీటర్ల మందం బ్లాకు సరిపోతుంది. దాని కింద 1 అంగుళం ఇసుక, ఆ కింద దిమ్మిస కొట్టిన 4 అంగుళాల కంకర. కంకర అంటే ఒకే సైజు రాళ్లు కాదు, రాతిపొడి నుంచి 20 మిల్లీమీటర్ల దాకా కలిసిన మిశ్రమం. అదే బిగుసుకుంటుంది. నాలుగు అంగుళాలూ ఒకేసారి పోయకుండా రెండు పొరలుగా పోసి, కాస్త తడిపి, ఒక్కో పొరనీ యంత్రంతో అణచాలి. 12 అడుగులు బై 12 అడుగుల పేషియోకి అణిచాక 48 ఘనపుటడుగుల కంకర ఉండాలి, అంటే విడిగా 60 దాకా తెప్పించుకోవాలి. ఇసుక 12 ఘనపుటడుగులు, బ్లాకులు కోతలకీ పగుళ్లకీ కలిపి నూటికి పది ఎక్కువ.

ఇక్కడ తరచుగా జరిగే తప్పులు రెండు. కంకరలో పల్లం మిగిలిపోతే ఇసుకతో సర్దేయడం ఒకటి. ఇసుక మందంగా ఉన్నచోట ఏడాది తిరిగేసరికి బ్లాకులు కుంగి నీటి మడుగు కడుతుంది. వాటం మట్టిలోనే మొదలవ్వాలి, కంకరలో కొనసాగాలి, ఇసుక అంతటా ఒకే మందం ఉండాలి. రెండోది, అంచుకి కట్టు వేయకపోవడం. చుట్టూ కాంక్రీటు గానీ మేకులతో దిగ్గొట్టే అంచు పట్టీ గానీ లేకపోతే చివరి వరుస మెల్లగా పక్కకి జారి, సందులు విచ్చుకుని, మొత్తం నేల వదులవుతుంది. గోడ పక్కన పునాది తవ్వి పూడ్చిన మట్టి మీద ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఆ మట్టి ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది, దాన్ని పొరలుపొరలుగా అణచకుండా పైన ఏది వేసినా గోడ వైపుకే వాలుతుంది.

కాంక్రీటు పలక వేస్తే 4 అంగుళాల మందం, 8 నుంచి 10 అడుగులకి ఒక గాడి. గాడి లోతు అంగుళానికి తగ్గకూడదు. కాంక్రీటు ఎలాగూ పగులుతుంది, ఆ పగులు గాడిలో దాక్కునేలా చేయడమే మన చేతిలో ఉన్న పని. పలకలు పరిచేవాళ్లు గదుల్లో వేసే నున్నటి పలకలు బయట వాడొద్దు, తడిస్తే మనిషి నిలబడలేడు. ఆరుబయటకి 20 మిల్లీమీటర్ల పోర్సిలైన్ పలకలు దొరుకుతాయి, వాటిలో కాలు జారకుండా పట్టు ఎంతో చెప్పే రేటింగు ఆర్11 ఉన్నవి తీసుకోండి. గ్రానైట్ అయితే మెరుగు పెట్టనిది, మంటతో గరుకు చేసినది. నల్లరాయి మధ్యాహ్నం చెప్పుల్లేని కాలిని కాలుస్తుంది, పిల్లలు తిరిగే చోట లేత రంగే మేలు.

నేల మూసేసే ముందు 2 అంగుళాల పీవీసీ గొట్టం ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి ఖాళీగా వేసి, లోపల ఒక తాడు ఉంచి మూతలు బిగించండి. ఇవాళ అక్కర్లేకపోయినా రేపు దీపానికో ఫ్యానుకో తీగ లాగాలనుకున్నప్పుడు నేల పగలగొట్టే పని తప్పుతుంది.

సామాను: పైన కాదు, అడుగున చూడండి

దుకాణంలో కుర్చీ నచ్చితే ముందు దాన్ని తలకిందులు చేయండి. అసలు సంగతి అక్కడుంటుంది.

టేకుకి ఆరుబయట ఇంత పేరు రావడానికి కారణం దాని చేవలో, అంటే మాను నడిమి ముదురు చెక్కలో, ఉండే సహజమైన నూనె, ఇసుకలాంటి సిలికా. చేవకే ఆ గుణం. బెరడుని ఆనుకుని ఉండే లేత రంగు చెక్కకి అది లేదు. తలకిందులు చేసినప్పుడు పైపలకలు తేనె రంగులో ఉండి, అడుగు పట్టీల్లో పాలిపోయిన చారలు కనిపిస్తే చవక చెక్క కింద దాచారన్నమాట, ముందు కుళ్లేది అదే. అతుకులు ఎలా ఉన్నాయో చూడండి. ఒక కొయ్య కొన రెండో కొయ్య తొలిచిన బెజ్జంలోకి దూరి, అడ్డంగా చెక్క మేకు దిగి ఉంటే మంచిది. ఎదురెదురుగా ఆనించి స్క్రూలతో లాగినది వానకీ ఎండకీ ఉబ్బీ కుంగీ వదులవుతుంది. స్క్రూలు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో కావాలి. మామూలు ఇనుము టేకులోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తే చుట్టూ నల్లటి మరక పాకుతుంది, అది గీకినా పోదు.

టేకు కొన్ని నెలలకి వెండి బూడిద రంగుకి తిరుగుతుంది. అది పాడవడం కాదు, పైపొర మాత్రమే రంగు మారింది. నాకైతే ఆ రంగే ఇష్టం. నూనె పూస్తే తేనె రంగు కొన్నాళ్లు నిలుస్తుంది, కానీ పూయడం మొదలుపెడితే ఏడాదికి రెండు మూడుసార్లు పూస్తూనే ఉండాలి. పైగా తేమ ఎక్కువున్న చోట ఆ నూనె మీదే నల్లటి బూజు పడుతుంది. మరక పడితే 120 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 220తో చెక్క నరం వెంబడి రుద్దితే చాలు. ఒత్తిడి నీటి పంపుతో కడగొద్దు. మెత్తటి భాగం లేచిపోయి గట్టి గీతలు మిగులుతాయి, ఆ గాళ్లలో నీళ్లు నిలుస్తాయి. కాళ్ల అడుగున చెక్క కోసిన ముఖం గడ్డిపరకల కట్టలా నీటిని పైకి పీలుస్తుంది. అక్కడ ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు రెండు పూతలు వేసి, ప్లాస్టిక్ బొడిపె కొట్టండి. కొత్త టేకు మొదటి వానల్లో గోధుమ రంగు నీరు వదులుతుంది కూడా. లేత రాతి నేల మీద పెట్టేముందు గడ్డి మీదో మట్టి మీదో కొన్ని వానలు తిననివ్వండి. తుమ్మ జాతి, యూకలిప్టస్ కలపతో చేసినవి తక్కువ ధరకి దొరుకుతాయి, ఏటా నూనె పెడితే బాగానే ఉంటాయి. వదిలేస్తే పగుళ్లు వస్తాయి.

అల్యూమినియానికి ఇనుములా తుప్పు పట్టదు. తక్కువ పనితో ఎక్కువ కాలం కావాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. గొట్టం గోడ మందం 1.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే కూర్చోగానే వంగుతున్న భావన కలుగుతుంది. పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి వేడితో అంటించిన పూత, 60 నుంచి 80 మైక్రాన్ల మందం ఉండాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అతుకు చుట్టూ వెల్డింగు పూర్తిగా తిరిగిందో, చుక్కలుగా వదిలేసి రంగుతో కప్పారో వేలితో తడిమితే తెలుస్తుంది. గొట్టాల అడుగున నీళ్లు కారే చిన్న బెజ్జాలు ఉన్నాయా అని తప్పకుండా చూడాలి. బెజ్జం లేని బోలు గొట్టంలోకి అతుకుల గుండా చేరిన నీరు ఊరికే ఉండదు, మంచు పడే చోట గడ్డకట్టి గొట్టాన్నే చీల్చేస్తుంది. అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ బోల్టులుంటే మధ్యలో నైలాన్ వాషర్ పెట్టించండి. ఉప్పుగాలి తగిలే చోట రెండు లోహాలు నేరుగా ఆనుకుంటే అల్యూమినియం తెల్లటి పొడై రాలిపోతుంది. దీనికున్న లోపం బరువు లేకపోవడం. గట్టి గాలికి కుర్చీలు దొర్లుతాయి, అందుకే గాలి ఎక్కువైన చోట ఇనుమో బరువైన టేకో నయం.

ఇనుప సామానులో గమనించాల్సింది ఒక్కటే, పూత కింద ఏముంది? ఉత్త ఇనుము మీద పౌడర్ కోటింగ్ అయితే చిన్న గీత పడ్డా ఆ గీత దగ్గర మొదలైన తుప్పు పూత కింద నుంచి పాకి, పైన బుడగలు లేస్తాయి. కింద జింకు పూత ఉంటే గీత పడ్డ చోట ముందు జింకు అరిగి ఇనుముని కాపాడుతుంది. గీత కనబడ్డ వారంలోనే గీకి, జింకు ప్రైమర్ వేసి రంగు తాకించండి.

స్టెయిన్‌లెస్ స్టీలులో 304, 316 గ్రేడుల మధ్య తేడా మాలిబ్డినం అనే లోహం. 316లో అది 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పుని తట్టుకునే శక్తి దానిదే. సముద్రం దగ్గరా, క్లోరిన్ కలిపే ఈతకొలను పక్కనా 316 తప్ప మరొకటి పెట్టొద్దు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని కొందరు నమ్మిస్తారు. చవకైన 200 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. గ్రేడు బిల్లు మీద రాయించుకోవడమే దారి.

బెత్తంలా కనిపించే వికర్ అల్లిక బయటికి కావాలంటే అది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ తీగ అయ్యుండాలి, ఎండ తట్టుకునే మందు దానిలో కలిపి పోసిందై ఉండాలి. పీవీసీ తీగ రెండు మూడు వేసవులకి పెళుసెక్కి విరుగుతుంది. నిజమైన బెత్తం నీడపట్టున వరండాకే. తీగ కోసిన చివర చూడండి, లోపలా బయటా ఒకే రంగు ఉంటే మంచిది. అల్లిక కింద చట్రం అల్యూమినియమా ఇనుమా అని అడగండి. లోపలి ఇనుము తుప్పు కారడం మొదలయ్యాక అల్లిక విప్పకుండా దాన్ని బాగుచేయలేరు.

గాజు పైపలక బల్ల కొంటే టెంపర్ చేసిన, అంటే వేడి చేసి గట్టిపరిచిన, 8 మిల్లీమీటర్లు లేదా ఆపై మందం, అంచు గాజుకీ లోహానికీ మధ్య రబ్బరు పట్టీ ఉండాలి. దాని మీద నీళ్ల మరకలు రోజూ తుడవాల్సి వస్తుంది, అది ఓపికున్నవాళ్ల బల్ల.

కుషన్: బట్ట, ఫోమ్, దారం

పేషియో సామానులో అందరికన్నా ముందు ఓడిపోయేది కుషన్. బట్ట విషయంలో ఒకే మాట: నూలుగా వడకకముందే రంగు కలిపిన అక్రిలిక్ తీసుకోండి. దాంట్లో రంగు ముల్లంగిలో తెలుపులా లోపలిదాకా ఉంటుంది. అల్లాక రంగు అద్దిన పాలిస్టర్‌లో రంగు ఎర్ర ముల్లంగి తొక్కలా పైనే ఉండి ఎండకి వెలుస్తుంది. ఓలెఫిన్ అనే బట్ట కూడా రంగు నిలుపుకుంటుంది, ధర తక్కువ, కానీ వేడికి త్వరగా కరుగుతుంది. నిప్పుల కుండ పక్కన అది వద్దు, ఇస్త్రీ అసలే వద్దు.

లోపల మామూలు ఫోమ్ వేస్తే స్పాంజిలా నీళ్లు పట్టి రోజుల తరబడి ఆరదు, ఆనక వాసన పట్టేస్తుంది. పెద్ద పెద్ద రంధ్రాలుండే త్వరగా ఆరే ఫోమ్ విడిగా దొరుకుతుంది. దాని మీద గ్లాసు నీళ్లు పోస్తే కింద నుంచి వెంటనే కారిపోవాలి, దుకాణంలోనే పోసి చూపించమనండి. మందం కూర్చునేచోట 4 నుంచి 5 అంగుళాలు. కవరు అడుగున బట్టకి బదులు వలగుడ్డ ఉంటేనే ఆ ఫోమ్‌తో ప్రయోజనం, లేకపోతే కారిన నీళ్లు కవర్లోనే నిలుస్తాయి. కుట్టు దారం గురించి ఎవరూ అడగరు. బట్ట పదేళ్లు ఉంటుంది, మామూలు దారం నాలుగైదేళ్లకి ఎండలో పుచ్చి కుట్లు విడిపోతాయి. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) దారంతో కుట్టించుకుంటే ఎండకి ఏమీ కాదు. జిప్పు ప్లాస్టిక్ పళ్లది, కుషన్ వెనక వైపున, పైనుంచి ఒక పట్టీ కప్పి ఉండాలి.

కుషన్లు వద్దనుకునేవాళ్లకి జాలీ బట్ట బిగించిన కుర్చీలున్నాయి. వానకి తడిసినా పావుగంటలో కూర్చోవచ్చు. ఆ బట్ట చట్రంలో గాడి గుండా జార్చి మార్చుకునేలా ఉన్నది ఎంచుకోండి.

నీడ

గొడుగు వ్యాసం బల్ల కన్నా 4 నుంచి 5 అడుగులు ఎక్కువ. అంటే 4 అడుగుల బల్లకి 9 అడుగుల గొడుగు. బల్ల మధ్య నుంచి నిలబెడితే అడుగు దిమ్మ 23 కిలోలకి తగ్గొద్దు, విడిగా నిలబెడితే 34 కిలోలు. పక్కన కొయ్య ఉండి గాల్లో చాచుకునే రకానికి 100 కిలోల దాకా పడుతుంది, లేదా నేలలో కాంక్రీటుతో పాతాలి. ఎంత బరువు పెట్టినా గాలి లేస్తే మూసి కట్టేయాల్సిందే. తెరిచి వదిలేసిన గొడుగు పెరట్లో ఉన్న వస్తువులన్నిట్లోకీ ప్రమాదకరమైనది.

పెర్గోలా అంటే మన పందిరే. వాసాల మీద ఆకులకి బదులు పలకలు, అంతే తేడా. కట్టేవాళ్లు ఎక్కువగా పలకల మధ్య సందు ఎంతో లెక్క చూడకుండా అందానికి వేస్తారు. పలక లోతూ సందూ సమానంగా ఉంటే, పలకలకి అడ్డంగా వచ్చే ఎండ 45 డిగ్రీలకన్నా దిగిన క్షణం నుంచి నేరుగా కిందపడదు. 6 అంగుళాల లోతు పలకలకి 6 అంగుళాల సందు అందుకే బాగుంటుంది. 2 అంగుళాల పలకలు 6 అంగుళాలకొకటి వేస్తే చారల చారల ఎండ తప్ప నీడ ఉండదు. పలకలు ఏ దిక్కుకి వేయాలో పుస్తకం చూసి తేల్చొద్దు. రెండు నిచ్చెనల మీద నాలుగు పలకలు పేర్చి, మీరు కూర్చునే వేళకి నీడ ఎటు పడుతుందో చూసి తేల్చుకోండి.

స్తంభాల ఎత్తు 8 నుంచి 9 అడుగులు. చెక్క స్తంభాన్ని కాంక్రీటులో పాతితే నేలమట్టం దగ్గర నీళ్లు పట్టి కొన్నేళ్లకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. కాంక్రీటు దిమ్మ మీద జింకు పూత ఇనుప పీట బిగించి, చెక్క అడుగు నేల నుంచి 1 అంగుళం పైకి ఉండేలా నిలబెట్టాలి. పునాది బరువు పందిరిని మోయడానికే కాదు, గాలి పైకి లేపకుండా పట్టి ఉంచడానికి కూడా. నేల గడ్డకట్టే చోట ఆ గడ్డకట్టే లోతు దాటి పునాది వెళ్లాలి.

తెరచాప గుడ్డ కట్టేవాళ్లు నాలుగు మూలలూ ఒకే ఎత్తులో కడితే మధ్యలో వాన నీరు నిండి పొట్టలా వేలాడుతుంది. ఎదురెదురు మూలలు రెండు ఎత్తుగా, రెండు కిందికి కట్టండి. మెలి తిరిగిన ఆకారంలో గుడ్డ బిగువుగా నిలుస్తుంది, నీరు జారుతుంది. గుడ్డ కొక్కేల మధ్య దూరం కన్నా చిన్నది ఉండాలి, ప్రతి మూలా బిగించే మర పట్టడానికి అడుగు దాకా వదలాలి. కొక్కెం ఇటుక గోడలో కాదు, కాంక్రీటు స్తంభంలోనో దూలంలోనో దిగాలి.

నిప్పు, నీరు, వెలుగు

నిప్పుల గుంట లోపలి వ్యాసం 36 నుంచి 44 అంగుళాలు, చుట్టూ కుర్చీలకి అంచు నుంచి 3 అడుగులు. ఇంటి నుంచి కనీసం 10 అడుగులు, మీ ఊరి నిబంధన ఇంకా ఎక్కువ అడిగితే అంతే వదలాలి. పందిరి కింద, తెరచాప కింద వద్దు. లోపలి వరుస నిప్పు ఇటుకలతోనే కట్టాలి. ఏటి గులకరాళ్లు లోపల వేయకండి. వాటిలో ఇంకిన నీరు ఆవిరై రాయి పేలి ముక్కలు ఎగురుతాయి. అడుగున నీరు పోయే దారి లేకపోతే ప్రతి వానకీ బూడిద గుజ్జు తోడాలి. గ్యాసు సిలిండరుతో వెలిగేదైతే దాని గూటికి ఎదురెదురు పక్కల, అడుగు భాగంలో గాలి కంతలు ఉండి తీరాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కారితే కింద పేరుకుంటుంది. పైన కంతలు పెడితే అది బయటికి పోదు.

గోడ మీద నుంచి జారే నీటి తెర కావాలంటే ప్రతి అడుగు వెడల్పుకీ గంటకి సుమారు 4,500 లీటర్లు తోడే పంపు కావాలి, అదీ నీరు ఎక్కాల్సిన ఎత్తు దగ్గర. పెట్టె మీద రాసే అంకె సున్నా ఎత్తుది, దాన్ని చూసి కొంటే తెర బదులు చుక్కలు పడతాయి. తొట్టి నీరు కదులుతూ ఉన్నంతసేపూ దోమలు గుడ్లు పెట్టవు. వారంపాటు ఊరికి వెళ్తే మాత్రం తొట్టి ఖాళీ చేసి వెళ్లండి.

దీపాలు 12 వోల్టుల ఎల్‌ఈడీలు, 2700 కెల్విన్ పసుపు వెలుగు. తెల్లటి వెలుగుకి పురుగులు ఎక్కువ మూగుతాయి. పైనుంచి ఒక పెద్ద దీపం కొడితే అందరి మొహాలూ అలసిపోయినట్టు కనిపిస్తాయి. మెట్టు అంచు కింద, అరుగు పెదవి కింద, చెట్టు మొదట్లో చిన్నవి దాచి పెడితే దీపం కనబడదు, వెలుగే కనబడుతుంది. నీళ్లూ దుమ్మూ చొరబడకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగు వానపడే చోట ఐపీ65, నీళ్లలో ముంచేదానికి ఐపీ68 ఉండాలి. కరెంటుని 12 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్ మీద దాని శక్తిలో 80 శాతం మించి భారం వేయొద్దు, తీగ పొడవయ్యే కొద్దీ చివరి దీపాలు మసకబారతాయి కాబట్టి లావు తీగ వాడాలి. పెరటి కరెంటు లైను మొత్తానికి కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించడం ఐచ్ఛికం కాదు. తడి కాళ్లతో తిరిగే చోటు అది.

కుండీలు పెద్దవి తక్కువ పెట్టండి. కుండీ కింద మూడు చిన్న దిమ్మలు పెట్టి లేపితే రాతి మీద గుండ్రటి మరక పడదు, వేర్లూ కుళ్లవు.

అంతా అమర్చాక

ముసుగు గుడ్డ గాలి ఆడేది, పక్కల కంతలున్నది తీసుకోండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి తేమ ఆవిరై మళ్లీ సామాను మీదే దిగుతుంది, బూజు దానికిందే పుడుతుంది. తడిసిన సామాను మీద ఏ ముసుగూ వేయొద్దు. బల్ల మీద కప్పేటప్పుడు మధ్యలో ఒక బంతో బుట్టో పెట్టి గుడ్డని గుడారంలా లేపితే పైన నీళ్లు నిలవవు.

నెల తిరిగాక బోల్టులన్నీ ఒకసారి బిగించండి, చెక్క సర్దుకున్నాక అవి వదులవుతాయి. కుర్చీ కాళ్ల ప్లాస్టిక్ బొడిపెలు ఆరు నెలలకోసారి చూడండి. అవి అరిగిన రోజునుంచే లోహపు కాలు తన పూతని తానే నేలకేసి గీకుకుంటుంది.

మొదటి గట్టి వాన వెలిసిన గంటకి ఒక పొడి గుడ్డ, ఒక సుద్దముక్క పట్టుకుని పేషియో అంతా తిరగండి. నేల మీద ఎక్కడ మడుగు ఉంటే అక్కడ చుట్టూ గీత గీయండి, ఆ రెండు మూడు బ్లాకులు లేపి కింద కంకరతో సర్దాలి. కుర్చీలు వంచి చూడండి. గొట్టంలో నీళ్లు కదిలిన చప్పుడైతే అడుగున 5 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, నీరంతా కారనిచ్చి, ఆరాక ఆ కోసిన అంచుకి రంగు తాకించండి.